ఒంగోలు నుంచి సూళ్ళూరుపేట దాకా సముద్రం ఫొటోలు: ఏ వేళకి ఎక్కడ, ఏ లెన్సుతో?

#1 · కారుచక్రం

సంక్రాంతి అయిన వారం శని, ఆదివారాలు. శనివారం తెల్లవారుజాముకి ఒంగోలు దగ్గర సముద్రం, ఆదివారం సాయంత్రానికి సూళ్ళూరుపేట. మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి. కారులో నలుగురం, అందులో ఇద్దరు చిన్నపిల్లలు.

కెమెరా క్రాప్ (చిన్న సైజు) సెన్సరుది. 18–55, 70–300 మి.మీ. లెన్సులు, ఒక పోలరైజరు (మెరుపులు, ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టరు), మామూలు ట్రైపాడ్ ఉన్నాయి. మిగతావాళ్ళ చేతిలో ఫోన్లు. రాసుకున్న ప్లాను ఇది: కొత్తపట్నంలో సూర్యోదయం, పాకలలో సూర్యాస్తమయం, రాత్రికి నెల్లూరు, మర్నాడు మైపాడు ఒడ్డు, నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్ సరస్సు. ఎన్‌డీ ఫిల్టరు (లెన్సులోకి పోయే వెలుగు తగ్గించేది) కొనాలా? ప్లానులో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

#2 · ఉప్పుగాలి

తప్పు రెండో ముక్కలోనే ఉంది. పాకలలో సూర్యాస్తమయం అంటే సూర్యుడు మీ వీపు వెనక, సర్వి తోటల చాటున దిగిపోతాడు. మన సముద్రం తూర్పున ఉంది. గోవా ఫొటోలు చూసి వేసుకున్న ప్లాన్లు ఇక్కడ చెల్లవు. సాయంత్రం ఐదున్నరకి సముద్రం వైపు కెమెరా పెడితే బూడిదరంగు ఆకాశం, చప్పటి నీళ్ళు వస్తాయి, అంతే. ఈ తీరంలో పొద్దున సముద్రానికి ఎదురుగా నిలబడాలి, సాయంత్రం సముద్రానికి వీపు పెట్టాలి. వాగులు, బకింగ్‌హాం కాలువ, ఉప్పు మళ్ళు, పులికాట్, వీటన్నిటికీ పడమటి వైపు నీళ్ళుంటాయి. సూర్యాస్తమయం వాటి దగ్గర దొరుకుతుంది.

ఇక కొత్తపట్నం. జనవరి మధ్యలో సూర్యోదయం 6:40కి అటూఇటూ. జూన్ మొదట్లో అయితే 5:40కే. అసలు రంగు సూర్యుడు రాకముందే ఉంటుంది. మన అక్షాంశంలో ఆ వెలుగు తొందరగా అయిపోతుంది, పనికొచ్చేది పాతిక నిమిషాలు. 5:50 కల్లా ట్రైపాడ్ ఇసుకలో ఉండాలి. ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే కాబట్టి ఐదింటికి బయల్దేరితే చాలు.

ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం సైజు) దగ్గర పెట్టి వదిలేసి షట్టరు (వెలుగు పడే సమయం) ఒక్కటే మార్చుకుంటూ పోండి. సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందు 3–4 సెకన్లు, పది నిమిషాల ముందు అర సెకను లేదా పావు సెకను, బింబం అంచు కనపడేసరికి 1/60, ఆ పైన. ఇవి మొదలుపెట్టడానికే. మబ్బుంటే రెట్టింపు పడుతుంది, హిస్టోగ్రాం (కెమెరా చూపే వెలుగు గ్రాఫు) చూసుకోండి. ఎఫ్/16కి పోవద్దు, క్రాప్ సెన్సరు మీద అక్కడ వివరం మెత్తబడుతుంది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. చీరాల నుంచి రామాయపట్నం దాకా ఒడ్డు నిటారుగా ఉత్తర దక్షిణాలుగా లేదు, ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంది. శీతాకాలంలో సూర్యుడు తూర్పుకి ఇరవై పై డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు. ఈ రెండూ కలిసి, జనవరిలో కొత్తపట్నం ఒడ్డున నిలబడితే బింబం దాదాపు నేరుగా అల మీదే లేస్తుంది. అదే జూన్‌లో బాగా ఎడమకి, ఒడ్డు గీత వైపుకి జరిగిపోతుంది. అందుకే ఎండాకాలంలో ఒడ్డు, అల, సూర్యుడు మూడూ ఒకే ఫ్రేములో పడతాయి. జనవరిలో పడవలు, సూర్యుడు పడతాయి.

#3 · పెన్నాతీరం

ఉప్పుగాలి అన్న చెప్పింది ప్రకాశం వరకే. నెల్లూరు వైపుకొస్తే ఒడ్డు దగ్గర దగ్గర నిటారుగా ఉంటాది. మైపాడులో జనవరి సూర్యుడు కుడి చేతి వైపు, కృష్ణపట్నం దిక్కుగా లేస్తాడు. 18 మి.మీ. దగ్గర మీ కెమెరాకి అడ్డంగా 66 డిగ్రీలు పడతాయి గాబట్టి సూర్యుణ్ణి కుడి మూడోవంతులో పెట్టి, ఎడమ పక్క నుంచి అల గీత లోపలికి వచ్చేట్టు నిలబడండి.

అసలు కష్టం ఎక్కడంటే, మనకి రాళ్ళు లేవు. విశాఖలో లాగా ముందు ఒక బండ పెట్టి వెనక సముద్రం చూపిద్దామంటే ఈడ దొరకదు, అంతా ఇసకే. ఫొటోకి ముందుభాగం ఏదో ఒకటి మనమే వెతుక్కోవాల. ఒడ్డుకి లాగిన ఫైబర్ పడవలుండాయి. పడవ పొడుగంతా తీయాలని చూడొద్దు. ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చోని, లంగరు తాడు ఇసకలో ఎట్టా పడుందో చూడండి. కొబ్బరిపీచు తాడైతే తడికి నల్లగా మారి ఉంటాది, నైలానుదైతే నీలమో ఆకుపచ్చో. ఆ తాడు మీ లెన్సుకి రెండున్నర అడుగుల దూరంలో మొదలై పడవ ముక్కు దాకా పోవాల, దాని వెనక సూర్యుడు. 18 మి.మీ., ఎఫ్/11, ఫోకసు మీటరున్నర దూరం మీద. తాడు నుంచి దిగంతం దాకా సరిపోయేంత పదునుగా వస్తాది. ఎఫ్/8 దగ్గర తాడు మొదలు కొంచెం మసకేస్తాది.

పడవలు లేకపోతే ఎండ్రకాయ బొరియలు. బొరియ చుట్టూ అది తవ్విపోసిన ఇసక ఉండలు పక్కవాటు వెలుగులో చిన్న చిన్న నీడలేస్తాయి. సూర్యుడొచ్చిన మొదటి పదిహేను నిమిషాలే ఆ నీడలు. అడుగులు వినపడితే ఎండ్రకాయ లోపలికి పోతాది. కదలకుండా రెండు మూడు నిమిషాలు కూర్చుంటే మళ్ళా బయటికొస్తాది. 70–300 తీసుకొని పొట్ట మీద పడుకోవాల, వేరే దారి లేదు.

జనం తక్కువ కావాలంటే మైపాడు కన్నా కొత్తకోడూరు నయం. ఆదివారం మైపాడులో ఏడున్నరకే బండ్లు వచ్చేస్తాయి.

#4 · సెల్లుకెమెరా

ఫోన్ల గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి.

ముందు లెన్సు తుడవాలి. సముద్రం పక్కన పది నిమిషాలుంటే ఫోను అద్దం మీద ఉప్పు పొర కూర్చుంటుంది, సూర్యుడి చుట్టూ పాలు ఒలికినట్టు వస్తుంది. చాలామంది దాన్ని మంచు అనుకుంటారు. చొక్కా అంచుతో రుద్దొద్దు, దానికి ఇసుక ఉంటుంది. కళ్ళద్దాల గుడ్డ జేబులో పెట్టుకోండి.

సూర్యుడికి పక్కనున్న ఆకాశం మీద వేలు పెట్టి రెండు సెకన్లు నొక్కి పట్టండి, ఫోకసు, వెలుగు రెండూ లాక్ అవుతాయి. తర్వాత వేలు కిందికి జరిపి వెలుగు తగ్గించండి. పడవలు నల్లటి ఆకారాలుగా మిగిలేదాకా తగ్గించినా పర్లేదు. ఫోను దానంతట అది వదిలేస్తే నీడల్ని లేపి, ఆకాశం రంగు చంపేస్తుంది.

అల్ట్రావైడ్‌లో దిగంతం ఫ్రేముకి సరిగ్గా మధ్యలో ఉంటేనే తిన్నగా వస్తుంది. పైకో కిందికో పెడితే విల్లులా వంగుతుంది. గ్రిడ్డు గీతలు ఆన్ చేసుకోండి. సముద్రం వంకరగా ఉంటే ఫొటో చూడగానే తెలిసిపోతుంది. పిల్లలు అలల్లో ఎగిరేది తీయాలంటే బర్స్ట్ (వరసగా ఫొటోలు తీసేది) పెట్టి, సూర్యుడు వాళ్ళ వెనక ఉండేట్టు, మీరు నడుం కిందికి వంగి తీయండి. కింద నుంచి తీస్తే పిల్లలు దిగంతం పైకొస్తారు, ఎగిరింది తెలుస్తుంది.

#5 · కారుచక్రం

బంగారం లాంటి సమాచారం, అందరికీ దండాలు. ఎన్‌డీ సంగతి తేల్చలేదు. పది స్టాపులది (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) కొనమని షాపులో చెబుతున్నారు.

#6 · నీలిగడియ

పది స్టాపులదే తీసుకోండి. ఫిల్టరు లేకుండా 1/15 వస్తుందనుకుంటే పది స్టాపులతో నిమిషం పైన, లెక్కకి 68 సెకన్లు. నీళ్ళు పొగలా వస్తాయి, మబ్బులు సాగుతాయి.

#7 · పెన్నాతీరం

నీలిగడియ తమ్ముడూ, ఆ పొగ దేని చుట్టూ ఉండాలి? బండలుంటే బండ చుట్టూ పొగ బాగుంటాది. మన ఒడ్డున నిమిషం ఎక్స్‌పోజరు పెడితే మిగిలేది తెల్ల దుప్పటి, పైన ఇంకో దుప్పటి. నీళ్ళలో లంగరేసిన పడవ పెట్టుకుందామంటే అది ఊగుతా ఉంటాది, నిమిషంలో దాని ఆకారమే చెరిగిపోతాది. మన తీరానికి అర సెకను చాలు.

వెనక్కి పోయే అల తీయండి. అల ముందుకొచ్చేటప్పుడు నురగ కలగాపులగంగా ఉంటాది. ఇసక మీద పరుచుకొని, ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టగానే నొక్కాల. 1/2 లేదా 1/4 సెకను. నురగ దారాలు దారాలుగా సాగి సముద్రం వైపుకి గీతలేస్తాది. పది అలలకి ఒకటి కుదురుతాది. సూర్యోదయం ముందు దీనికి ఏ ఫిల్టరూ అక్కర్లేదు. ఆ తర్వాత ఉన్న పోలరైజరు ఒకటిన్నర, రెండు స్టాపులు మింగుతాది, దాంతో ఇంకొంచెం సేపు లాగొచ్చు. కొనాలనే ఉంటే ఆరు స్టాపులది కొనండి. 1/4 సెకను 16 సెకన్లవుతాది, అది చాలు.

#8 · ఉప్పుగాలి

ఒక్క మినహాయింపు. బోగోలు మండలంలో జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు దగ్గర బ్రేక్‌వాటరు బండలున్నాయి. నీలిగడియ గారి 68 సెకన్లకి అక్కడ పని ఉంది. గేటు దగ్గర అడిగి, ఒప్పుకుంటేనే లోపలికి. బండల మీద పచ్చటి పాచి ఉన్న వరసకి దిగొద్దు, జారితే మనిషీ కెమెరా ఇద్దరూ సందుల్లోకే. కృష్ణపట్నం, రామాయపట్నం పోర్టుల గోడల దగ్గరికి మాత్రం కెమెరా పట్టుకుని పోకండి, సెక్యూరిటీ వాళ్ళు ఆపుతారు.

పోలరైజరు గురించి ఒక హెచ్చరిక. తడి ఇసుక మీద ఆకాశం ప్రతిబింబం కావాలనుకుని పోలరైజరు తిప్పితే ఆ ప్రతిబింబమే పోతుంది, అది చేసే పని అదే. తిప్పుతూ చూడండి, ఇసుక మీద రంగు నిండిన చోట ఆపండి. 18 మి.మీ. దగ్గర ఆకాశం ఒక మూల ముదురు నీలం, ఇంకో మూల వెలిసిపోయి వస్తుంది, దాన్ని తర్వాత సరిచేయడం తలనొప్పి.

#9 · తెప్పలరేవు

పడవలు, వలలు అన్నారు గానీ పడవల మనుషుల గురించి ఎవరూ ఎత్తలేదు.

ఆ పడవలూ వలలూ మీ ఫొటోకి పెట్టిన బొమ్మలు కావు. పట్టపుపాలెంలో (మత్స్యకారుల పల్లెలో) ఒడ్డున కనపడిన పెద్దాయన్ని "నమస్కారం పెద్దాయనా, ఫొటోలు తీసుకోవచ్చా" అని అడిగితే నూటికి తొంభైమంది తీసుకోమనే అంటారు. అడగకుండా టెలీ లెన్సు ఎక్కుపెడితే ఎవరికైనా మండుతుంది. ఆరబెట్టిన వల మీద, లాగుతున్న తాడు మీద నుంచి దాటొద్దు. పడవలో చెప్పులతో ఎక్కొద్దు, అసలు ఎక్కొద్దు. చేపలు ఏరుకునే ఆడవాళ్ళని దగ్గరగా తీసే ముందు "అమ్మా, తీయమంటారా" అని ఒక మాట.

రాత్రి పోయిన పడవలు తిరిగొచ్చేది పొద్దెక్కే వేళకి, ఆరున్నర నుంచి తొమ్మిదిలోపు ఎక్కువ. అల మీద నుంచి పడవ ఒడ్డుకెక్కే క్షణం కావాలంటే 70–300తో, పడవ వచ్చే దారికి పక్కగా ముప్పై మీటర్ల దూరంలో, 1/1000. ఎదురుగా నిలబడితే ఇంజనుతో దూసుకొచ్చే పడవకి అడ్డం, అదీ గాక ముక్కు తప్ప ఏమీ కనపడదు. అలివి వల (ఒడ్డు నుంచి తాళ్ళతో లాగే పెద్ద వల) లాగుతుంటే రెండు తాళ్ళ మధ్యలోకి పోవద్దు. ఒక తాడు వరస చివర మనిషి వెనక వంగి కూర్చుని, వరసలో ఉన్న వీపులన్నీ సముద్రం వైపుకి ఒక గీతలా కనపడేట్టు తీస్తే ఆ లాగుడులో బరువు తెలుస్తుంది. 1/500, ఎఫ్/8. వీపులు ఎదురు వెలుగులో నల్లబడతాయి కాబట్టి ఎక్స్‌పోజరు ఒక స్టాపు పెంచండి, ఆకాశం తెల్లబడితే తెల్లబడనీండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, రంగులేసుకుంటుంటారు, వలలు అల్లుకుంటుంటారు. పడవల ఫొటోలకి ఎండాకాలం, వేట ఫొటోలకి జనవరి. ఫొటో తీసినవాళ్ళకి వాట్సాప్‌లో పంపించండి, ఇంకోసారి పోతే మర్యాద ఉంటుంది.

#10 · తూనీగ

డ్రోన్ ఎగరేయొచ్చా? 249 గ్రాములది.

#11 · ఉప్పుగాలి

ముందు డిజిటల్ స్కై మ్యాపు (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ మ్యాపు) చూడండి. బరువు తక్కువని ఎరుపు ప్రాంతంలో మినహాయింపు ఉండదు. శ్రీహరికోట చుట్టూ ఆలోచనే వద్దు. నేలపట్టు, పులికాట్ అభయారణ్యాలు, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడా కుదరదు. డ్రోన్ చప్పుడుకి వందల పక్షులు ఒక్కసారిగా లేస్తాయి, ఆ ఫొటో ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది. మిగతా ఒడ్డున ఆకుపచ్చ ప్రాంతమైతే 120 మీటర్ల లోపు, గాలి లేని పొద్దున పూట. మధ్యాహ్నం సముద్రపు గాలికి బుల్లి డ్రోన్ వెనక్కి రాలేక బ్యాటరీ తాగేస్తుంది.

#12 · మడికట్టు

సాయంత్రానికి ఉప్పు మళ్ళు అని ఉప్పుగాలి ఒక్క ముక్క అని వదిలేశారు. అది విడిగా చెప్పాల్సిన విషయం.

పాకల, బింగినపల్లి మళ్ళు సింగరాయకొండ నుంచి దగ్గర. కనుపర్తిలో ఉన్నాయి. ఉత్తరాన చినగంజాం, అది ఇప్పుడు బాపట్ల జిల్లా. మీరు వచ్చేది జనవరి కాబట్టి ముందే చెబుతున్నా, తెల్లటి ఉప్పు గుట్టలు ఆశించొద్దు. ఈశాన్య రుతుపవనాల వానలు పోయాక మళ్ళు బాగు చేసుకుని, గట్లు వేసుకుని, నీళ్ళు పెట్టుకునే కాలం అది. ఉప్పు తీసేది ఎండ ముదిరాక, ఫిబ్రవరి చివర నుంచి జూన్ దాకా. జనవరిలో దొరికేది అద్దాలు. చదరం చదరంగా మళ్ళు, బెత్తెడు నీళ్ళు, గాలి లేకపోతే ఆకాశం మొత్తం కిందికి దిగుతుంది.

గాలే సమస్య. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే నీటి మీద ముడతలు పడి అద్దం పోతుంది. సూర్యాస్తమయం వేళకి ఒక్కోరోజు తగ్గుతుంది, ఒక్కోరోజు తగ్గదు. తగ్గని రోజు గట్టు పక్కన, గాలికి చాటున ఉన్న చిన్న మడి చూసుకోండి, గట్టు వారగా మూరెడు నీళ్ళు కదలకుండా ఉంటాయి. కెమెరాని నీటికి అర అడుగు ఎత్తుకి దించితే ఆ మూరెడే ఫ్రేము నిండా వస్తుంది.

కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మోసం చేస్తుంది. తెల్లది ఎక్కువున్న చోట కెమెరా దాన్ని బూడిద చేయాలని చూస్తుంది. ఉప్పు గుట్ట నిండుగా ఉంటే ఎక్స్‌పోజరు +1 నుంచి +1.3, నీళ్ళు సగం ఉంటే +0.7. అస్తమించే సూర్యుడు ఫ్రేములో ఉంటే ఈ లెక్క వదిలేసి, పైన చెప్పినట్టు ఆకాశానికి సరిపెట్టుకోవాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే సాయంత్రపు బంగారం కడిగేస్తుంది, పగటి వెలుగు గుర్తు మీద పెట్టండి.

గట్ల మీదే నడవండి. గట్టు తడిగా కనపడితే కాలు పెట్టొద్దు, బంకమట్టి తెగితే ఒక మడి నీళ్ళు ఇంకో మడిలోకి పోతాయి, వాళ్ళ వారం పని పోయినట్టే. పొడుగాటి కర్రకి పలక బిగించి ఉప్పు గుంజుతున్నప్పుడు ఎదురుపడొద్దు, పక్క గట్టు మీద నుంచి తీయండి. సూర్యాస్తమయం జనవరి మధ్యలో ఆరింటికి కొంచెం ముందే. నాలుగున్నరకి అక్కడుంటే మనుషులూ దొరుకుతారు, వెలుగూ దొరుకుతుంది.

#13 · నీలిగడియ

చినగంజాం వైపు పోయేవాళ్ళు మోటుపల్లి చూడండి. కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకి 1244లో ఇచ్చిన అభయ శాసనం వీరభద్రస్వామి గుడిలో ఉంది. రాతి మీద అక్షరాలు మధ్యాహ్నం నిట్ట ఎండలో చదవడానికి రావు. ఒకరు పక్క నుంచి ఫోను టార్చి రాతికి ఆనించినట్టు వేస్తే, ఇంకొకరు తీస్తే అక్షరం అక్షరం లేచి కనపడుతుంది. గుడిలో అడిగి తీయండి.

#14 · పులికాట్‌గూడబాతు

చివరి సాయంత్రం నాది.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మీదుగా తూర్పుకి పోతుంది. గేటు దాకా అందరూ పోవచ్చు, లోపలికి వీల్లేదు. ఆ రోడ్డు మీదనే ఆగి తీయాలి. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది, శీతాకాలంలో సూర్యుడు పొద్దున ఆగ్నేయంలో, సాయంత్రం నైరుతిలో. అంటే రెండు పూటలా రోడ్డుకి ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుగు ముందు నుంచి పడుతుంది. ఫ్లెమింగోల గులాబీ రంగు కావాలంటే ఉత్తరం వైపు చూడండి. దక్షిణం వైపువి నల్లటి ఆకారాలు, మెరిసే నీళ్ళు. రెండూ కావాల్సినవే, ఏది ఎటు దొరుకుతుందో తెలిసి ఆగితే సరిపోతుంది.

ఫ్లెమింగోలకి మోకాలి లోతు నీళ్ళు కావాలి. వానలు బాగా పడి సరస్సు నిండిన ఏడాది అవి దూరంగా, లోతు తక్కువ చోట్లకి పోతాయి, 300 మి.మీ.కి చుక్కల్లా కనపడతాయి. అప్పుడు ఒక్క పక్షి కోసం కష్టపడొద్దు, వరస మొత్తాన్ని సన్నటి గీతలా తీయండి. దగ్గరగా ఉంటే కారు దిగొద్దు. మనిషి రెండు కాళ్ళ మీద కనపడితే జరిగిపోతాయి, కారుని పట్టించుకోవు. గుడ్డ సంచిలో కిలోన్నర బియ్యం పోసి మూతి కట్టి కిటికీ అద్దం అంచు మీద పెట్టుకోండి, దాని మీద లెన్సు. ఇంజను ఆపేయాలి, లేకపోతే వణుకు. నిలబడ్డ పక్షికి 1/500, ఎగిరేదానికి 1/1600, ఐఎస్‌ఓ 400 నుంచి 800 దాకా.

పొద్దున తొమ్మిదిన్నర దాటాక నీటి మీద వేడిగాలి ఆడుతుంది, ఎంత ఖరీదు లెన్సైనా పక్షి వణుకుతున్నట్టే వస్తుంది. దానికి మందు లేదు, మళ్ళీ మూడున్నర దాకా ఆగడమే. రోడ్డు మీద ఉద్యోగుల బస్సులు వేగంగా పోతుంటాయి, నాలుగు చక్రాలూ తారు దిగాకే ఆపండి, పిల్లల్ని ఎడమ తలుపు నుంచే దించండి.

నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) చెరువులోని చెట్ల మీద గూళ్ళు కడతాయి. అక్కడ వాచ్ టవరు నుంచి కిందికి చూసి తీయడమే. తెల్ల పక్షి, ముదురు ఆకు. ఎక్స్‌పోజరు -0.7, లేకపోతే ఈకలు తెల్ల కాగితంలా వస్తాయి.

#15 · సర్వితోపు

సామాను కాపాడుకోవడం గురించి. ఫొటో చెడేది సెట్టింగు వల్ల కన్నా దీని వల్లే ఎక్కువ.

ట్రైపాడ్ కాళ్ళు తెరిచేటప్పుడు అన్నిటికన్నా కింద ఉన్న సన్న ముక్కని ముందు పూర్తిగా లాగండి. అందరూ పై ముక్క లాగుతారు, అప్పుడు కింది బిగింపు ఇసుకలో, ఉప్పునీళ్ళలో కూరుకుపోతుంది. తర్వాత తిప్పితే కరకర. తడి ఇసుకలో నిలబెట్టాక పైనుంచి గట్టిగా నొక్కండి. అయినా ప్రతి అలకీ కాలి కింద ఇసుక కొట్టుకుపోయి కొంచెం కొంచెం దిగుతుంది, అర సెకను ఫొటోలు మసకబారేది అందుకే. ఒక్కో కాలి కింద ఒక పాత ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టండి. అల వచ్చి పోయాక రెండు సెకన్లు ఆగి నొక్కండి.

ఒడ్డున లెన్సు మార్చొద్దు. కారులో కూర్చుని, తలుపులేసి మార్చండి. గదికి పోయాక ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళలో కడిగి, విప్పి, తెరిచే ఆరబెట్టండి. కెమెరాని తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో. పొడిగుడ్డతోనే మొదలుపెడితే ఉప్పు గింజలు గీతలు పెడతాయి. లెన్సు అద్దానికి ముందు ఊదుడు బుడ్డి, తర్వాతే గుడ్డ.

జనవరి తెల్లవారుజామున మంచు తడి లెన్సు మీద పడుతుంది, చూసుకుంటూ ఉండండి. ఎండాకాలం వచ్చేవాళ్ళకి ఇంకో తంటా: ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి కెమెరా బయటికి తీయగానే అద్దం మొత్తం ఆవిరి. తుడిస్తే మళ్ళీ పడుతుంది. సముద్రానికి ఇరవై నిమిషాల ముందే ఏసీ ఆపి కిటికీలు దించండి, కెమెరా బ్యాగులోనే మూసి ఉంచండి.

కారుని ఇసుకలోకి దించొద్దు. దిగి ఇరుక్కుంటే యాక్సిలరేటరు తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుంటుంది. టైర్లలో గాలి 18–20 పీఎస్‌ఐకి దించి, కాళ్ళ కింద వేసే మ్యాట్లు చక్రాల ముందు పరిచి, రెండో గేరులో మెల్లగా. రోడ్డెక్కాక దగ్గర్లోని బంకులో గాలి పట్టించేదాకా నిదానంగా పోవాలి.

కెమెరా కళ్ళలో పెట్టుకుని వెనక్కి నడుస్తూ నీళ్ళలోకి పోవద్దు. అలలు విరగని, నున్నగా కనపడే సందు ఉంటే అది ప్రశాంతమైన చోటు కాదు, నీళ్ళు లోపలికి గుంజుకుపోయే దారి. ఫొటోకి బాగుంటుందని పిల్లల్ని అక్కడే నిలబెడుతుంటారు.

#16 · నీలిగడియ

ఇంకొక్కటి. పౌర్ణమి దగ్గర పడితే సాయంత్రం సముద్రం వైపు చూడటానికి కారణం దొరుకుతుంది. పౌర్ణమి రోజు చంద్రుడు కాస్త పైకొచ్చేసరికి చీకటి పడిపోతుంది, పడవలు కనపడవు. ముందురోజు, చతుర్దశి నాడు, ముప్పావుగంట ముందే వస్తాడు. పడమటి వెలుగు పడవల మీద ఉంటుంది, వెనక చంద్రుడు. చంద్రుడు పెద్దగా కనపడాలంటే పడవకి దూరం పోవాలి. మూడు మీటర్ల ఎత్తున్న పడవ, చంద్రుడు ఒకే సైజులో రావాలంటే 330 మీటర్ల దూరం, 300 మి.మీ. లెన్సు. దగ్గరకి పోయేకొద్దీ పడవ పెరుగుతుంది, చంద్రుడు పెరగడు.

ఉప్పుగాలి అన్నా, సాయంత్రం సముద్రం వైపు కెమెరా పెట్టొద్దన్న మాటకి ఇదీ మినహాయింపే.

#17 · ఉప్పుగాలి

ఒప్పుకున్నా.

#18 · కారుచక్రం

అయితే మార్చిన ప్లాను. శనివారం 5:50కి కొత్తపట్నం, పడవలొచ్చేదాకా అక్కడే. మధ్యాహ్నం తిండి, విశ్రాంతి. నాలుగున్నరకి బింగినపల్లి ఉప్పు మళ్ళు. రాత్రి నెల్లూరు. ఆదివారం మైపాడు బదులు కొత్తకోడూరులో సూర్యోదయం. తర్వాత నేలపట్టు, సాయంత్రం పులికాట్. ఎన్‌డీ కొనట్లేదు.

#19 · పులికాట్‌గూడబాతు

అంతా బాగుంది, నేలపట్టు వేళ ఒక్కటి మార్చుకోండి. కొత్తకోడూరు నుంచి నేరుగా పోతే పదకొండింటికి చేరతారు, నడినెత్తిన ఎండ, టవరు మీద పిల్లలు ఏడుస్తారు. నెల్లూరులోనే భోంచేసి పన్నెండున్నరకి కదలండి. రెండున్నర నుంచి మూడున్నర దాకా నేలపట్టు, నాలుగింటికి పులికాట్ రోడ్డు. బియ్యం సంచి మర్చిపోవద్దు. 70–300 ముందే కెమెరాకి తగిలించి ఒళ్ళో పెట్టుకోండి, రోడ్డెక్కిన మొదటి రెండు కిలోమీటర్లలోనే పక్షులు కనపడొచ్చు.